బాపు గేటు తీసిన రోజు

పరాయి దేశంలో కొత్తగా ఉద్యోగం దొరికిన వయసులో మనిషికి ఒక చిత్రమైన భ్రమ కలుగుతుంది. ఆ దేశాన్ని తానే దగ్గరుండి కట్టించినట్టు, అక్కడి కాలువలూ వంతెనలూ తన చేతి మీదుగానే నడుస్తున్నట్టు అనిపిస్తుంది. ఆ రోజుల్లో నాకూ అలాగే ఉండేది. నెదర్లాండ్స్‌లో ఒక చిన్న ఊళ్ళో కంప్యూటర్ ఉద్యోగం నాది. హైదరాబాద్ పాతబస్తీలోని గౌలిపుర సందులోంచి వచ్చి పట్టుమని రెండేళ్ళు కాలేదు గానీ, ఫోన్లో అమ్మతో "మా దగ్గర చెత్త గిట్ల రోడ్డు మీద పడెయ్యరమ్మా" అనేదాన్ని. (ఆ "మా దగ్గర" అంటే ఎవరి దగ్గరో అర్థం చేసుకోవడానికి పాపం అమ్మకు టైమ్ పట్టేది.)

మా బాపుకి బర్రెలున్నాయి. తాతల నాటి నుంచీ మాది పాల వ్యాపారం. చుట్టూ ఇళ్ళు అంతస్తుల మీద అంతస్తులు లేచినా మా కొట్టం మాత్రం రేకుల కప్పుతో అలాగే నిలబడి ఉంది. బుద్ధెరిగిన నాటి నుంచి బాపు ఒక్క రోజు సెలవు తీసుకున్న పాపాన పోలేదు. ఎవరి పెళ్ళికి వెళ్ళినా అక్షింతలు వేసి, సాయంత్రం పాలు పిండే వేళకు ఇంటికి వచ్చేసేవాడు. దగ్గర్లోని జహనుమా దాకా వెళ్ళి రావడం కూడా ఆయన దృష్టిలో ప్రయాణమే. అలాంటి మనిషిని విమానం ఎక్కించడానికి, ఆయన తమ్ముడు, మా కాక, కొట్టంలోనే మంచం వేసుకుని పడుకుంటానని మాట ఇవ్వాల్సి వచ్చింది. అందుకే నాకంత పట్టుదల. జన్మకొక్కసారి సెలవు తీసుకున్న మనిషికి ఆ సెలవు దండగైపోయిందనిపించకూడదు. ఆయన ఒక్కసారైనా మనసారా సంతోషపడటం నా కళ్ళతో నేను చూడాలి.

ఏప్రిల్‌లో వచ్చారు ఇద్దరూ. బాపు మంకీ క్యాప్‌తో, అమ్మ చీర మీద స్వెటరూ కాళ్ళకు స్పోర్ట్స్ బూట్లతో విమానాశ్రయంలోంచి నడిచొస్తుంటే నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. మర్నాటి నుంచే తిప్పడం మొదలుపెట్టాను. ఆమ్‌స్టర్‌డామ్ కాలువలు చూపించాను. బాపు చూసి "మంచిగనే ఉన్నది" అన్నాడు. రంగురంగుల తులిప్ తోటలు చూపించాను. "మంచిగనే ఉన్నది." గొప్ప చిత్రాలున్న మ్యూజియంకి తీసుకెళ్ళాను. అక్కడ బెంచీ మీద కూర్చుని కాళ్ళు నొక్కుకుంటూ "గిది గుడ మంచిగనే ఉన్నది" అన్నాడు. చీజ్ దుకాణంలో ముక్క నోట్లో పెట్టుకుని చాలాసేపు ఆలోచించి, "పాలు గిట్ల ఖరాబ్ చేసుడు ఎందుకు బిడ్డా?" అని గుసగుసగా అడిగాడు. ఆ ఒక్క ప్రశ్నలో మాత్రం నిజమైన ఆసక్తి కనిపించింది.

పడవ షికారు మరీ అన్యాయం. నేను టూరిస్టుల కోసం పడవలో వేసే రికార్డింగంతా తెలుగులోకి మార్చి భక్తిగా చెప్తున్నాను. సరిగ్గా అప్పుడే అక్కడ గౌలిపురలో పాలు పిండే వేళయింది. బాపు వీడియో కాల్ కలిపాడు. "తమ్మీ, ఫోను దాని మూతి దగ్గర పెట్టు. ఏమైందే రాణీ, మేస్తలేవంట ఏంది?" అని ఆయన గొంతెత్తేసరికి పడవలో ఉన్నవాళ్ళందరూ తిరిగి చూశారు. తెరనిండా మా బర్రె మూతి. ఎదురు సీట్లోని ఒక పెద్దాయన దానికి మర్యాదగా చేయి ఊపాడు. నేను సిగ్గుతో కాలువలోకి చూస్తూ కూర్చున్నాను. అమ్మ మాత్రం "రాణి జర బక్కగైంది" అని బెంగపెట్టుకుంది.

ఆ తర్వాత ఒక రోజు గాలిమరలు చూపిద్దామని పొలాల మధ్య ఉన్న సైకిళ్ళ దారిలో నడిపించుకుని వెళ్తున్నాను. ఆ దేశంలో పొలమంటే అంతా చదును. కంచెలు తక్కువ, పొలానికీ పొలానికీ మధ్య నీళ్ళ కాలువలే హద్దు. దారి పక్కన ఒక గేటు, లోపల పచ్చిగడ్డిలో నలుపూ తెలుపూ మచ్చల పెయ్యలు. చలికాలమంతా కొట్టంలో ఉండి అప్పుడే బయటికి వచ్చాయేమో, తోకలెత్తి గంతులేస్తున్నాయి. బాపు ఆగిపోయాడు. "నువ్వు ఫోటోలు దీసుకో బిడ్డా, నేను ఈడనే ఉంట" అన్నాడు. నేను దూరంగా ఉన్న గాలిమరకు అమ్మను అడ్డంగా నిలబెట్టి, చెంగు సర్దించి, నవ్వమని బతిమాలుతుండగా అమ్మ ముఖం ఒక్కసారిగా మారిపోయింది.

"అయ్యో, గా పెయ్యలన్నీ రోడ్డు మీదికొస్తున్నయే!"

వెనక్కి తిరిగాను. గేటు బార్లా తెరిచి ఉంది. దాని పక్కన బాపు రెండు చేతులూ చాపి నిలబడి ఉన్నాడు. ఆయన చంకల కింది నుంచి, పక్క నుంచి, ముందు నుంచి పెయ్యలు పెళ్ళి బృందంలా బయటికి వస్తున్నాయి.

"బాపూ! గేటు ఎందుకు దీసినవ్?"

"తొట్టిల నీళ్ళున్నయా లేవా చూద్దామని జర్రంత దీసిన. గాలికి మొత్తం తెర్సుకున్నది. నా తప్పేమున్నది?"

పోలీసులు, జరిమానా, వీసా రద్దు, విమానంలో మా ముగ్గురినీ వరసగా కూర్చోబెట్టి పంపించడం... అన్నీ కళ్ళ ముందు తిరిగాయి. బాపు మాత్రం కంగారు పడలేదు. గౌలిపురలో బర్రెలను మళ్ళించే కేక ఒకటి ఉంది ఆయనకు. మంకీ క్యాప్ పైకి తోసుకుని ఆ కేక పెట్టాడు. మా సందులో ఆ కేక వింటే ఆటోలు కూడా ఆగుతాయి. ఇక్కడి పెయ్యలు ఒక్క క్షణం తలెత్తి చూసి, నచ్చక, మరింత జోరుగా పరుగందుకున్నాయి. అమ్మ స్వెటర్ విప్పి ఊపింది. అది చూసి రెండు పెయ్యలు ఆటనుకుని అమ్మ వెంటే పడ్డాయి. సైకిల్ మీద వస్తున్న ఒక తాత దిగి, సైకిల్‌ను దారికి అడ్డంగా పెట్టి, తీరిగ్గా నవ్వుతూ నిలబడ్డాడు.

ఇంతలో పొలం ఇంట్లోంచి రబ్బరు బూట్లు తొడుక్కున్న ఒకావిడ వచ్చింది. నాకు డచ్ వచ్చేసిందని ఇంట్లో అప్పటికే చాటుకుని ఉన్నాను. అమ్మా బాపూ నా వైపే ఆశగా చూస్తున్నారు. క్షమాపణ చెప్దామని నోరు తెరిచాను. సూపర్ మార్కెట్లో రోజూ చెప్పే వాక్యం ఒక్కటే బయటికి వచ్చింది: "నాకు రసీదు అక్కర్లేదండి."

ఆవిడ నన్నూ, రోడ్డు మీది తన పశువులనూ మార్చి మార్చి చూసింది. బాపు నన్ను పక్కకు జరిపి, చేతులు జోడించి, "మాఫ్ కర్నా అమ్మా, గల్తీ హమారీచ్ హై" అని హైదరాబాదీ ఉర్దూలో తప్పు ఒప్పుకున్నాడు. ఆవిడకు ఆ భాష రాదు. కానీ తల ఊపింది. లోపలికి వెళ్ళి ఒక బకెట్‌తో వచ్చి, అందులోని దాణాను గలగలమని కదిలించింది. అంతే. అప్పటిదాకా దేశాలేలినట్టు తిరుగుతున్న పెయ్యలన్నీ బుద్ధిగా ఆమె వెనకాలే గేటులోకి నడిచాయి.

"చూసినవా, గౌలిపురల గుడ గిట్లనే వస్తయి. కేకకు రాకున్నా బకెట్‌కొస్తయి!" అన్నాడు బాపు. తన కేక ఓడిపోయిందన్న బాధ ఏ మూలా లేదు.

ఆవిడకు ఇంగ్లీషు వచ్చని అప్పుడు తెలిసి నా ప్రాణం లేచి వచ్చింది. మా బాపు కూడా పశువులను సాకుతాడని చెప్పగానే ఆవిడ గేటుకు గొళ్ళెం వేసి (రెండుసార్లు లాగి చూసి మరీ), కాఫీకి పిలిచింది. ఆవిడ కొట్టంలో పాలు పిండేది మర. ఆవు తనంతట తానే వెళ్ళి నిలబడితే మర చేతులు చాచి పిండేస్తోంది. బాపు చేతులు వెనక్కి కట్టుకుని ఊపిరి బిగబట్టి చూశాడు. మ్యూజియంలో నేను ఆయన దగ్గర ఆశించిన చూపు అది. అమ్మకు మాత్రం ఒక సందేహం వచ్చింది.

"మరి గీ అమ్మ పొద్దుగాల లేసి ఏం జేస్తదో అడుగు."

అడిగాను. ఆవిడ కాస్త సిగ్గుపడింది. "మర పెట్టినా పాత వేళకే మెలకువ వచ్చేస్తుంది. ఊరికే వచ్చి వీటి మధ్య నిలబడతాను. మా ఆయన ఎక్కడికైనా వెళ్దామంటే నాకు మనసొప్పదు" అంది. ఆ మాట తెలుగులో చెప్పానో లేదో, బాపు తొడ మీద చరిచి పెద్దగా నవ్వాడు.

"గిదే! నాకు గుడ గిదే రోగం! మర పెట్టినా పోదన్నట్టు!"

ఆ నవ్వు కోసమే నేను ఊళ్ళన్నీ తిప్పాను. అది వచ్చింది పేడ వాసన మధ్య, కాఫీ కప్పు చేతిలో పట్టుకుని. ఆవిడ, బాపు, అమ్మ ఎవరి భాషలో వాళ్ళు మాట్లాడుకుంటూ పోయారు. కాసేపటికి నన్ను అనువాదం అడగడం కూడా మానేశారు. గాలిమరల దాకా ఆ రోజు వెళ్ళనేలేదు. ఆ తర్వాత కూడా వెళ్ళలేదు. మిగిలిన రోజుల్లో పొద్దున్నే బాపు బూట్లు వేసుకుని "పోదామా?" అంటే ఎక్కడికని నేను అడిగేదాన్ని కాదు.

ఇప్పుడు నేను హైదరాబాద్ తిరిగి వచ్చేసి శాలిబండలో ఉంటున్నాను. ఆదివారాలు గౌలిపుర వెళ్తే, పాలకు వచ్చినవాళ్ళతో బాపు ఆ కథ చెప్తూ కనిపిస్తాడు. చెప్పినకొద్దీ పెయ్యలు ఎద్దులయ్యాయి, గేటు దానంతట అదే తెరుచుకోవడం మొదలుపెట్టింది. "మా బిడ్డ అయితే కాలువ గట్టున నిలబడి ఒక్కటే ఏడ్సుడు!" అంటాడు. మొదట్లో ఒప్పుకునేదాన్ని కాదు, అందరి ముందూ వాదించేదాన్ని. ఇప్పుడు ఊరుకుంటున్నాను. దేశాన్నంతా భుజాన మోస్తున్నాననుకుని ఆ గట్టు మీద నిలబడిన ఆ పిల్లను తలుచుకుంటే, ఏడ్చిందేమోలే, ఏడ్చినా తప్పేముంది అనిపిస్తుంది.