నల్లగుంటపేటలో మా తాతయ్య సమాధి ఏది?

మా అమ్మకు మోకాళ్లు పూర్తిగా మొరాయించిన ఏడాది, అంటే 2015లో, నన్ను ఒకే ఒక్క పని అడిగింది. తన తండ్రి సమాధి మీద పేరు చెక్కిన రాయి పెట్టి రావాలి. ఆయన సీమోను తాతయ్య. చీపురుపల్లి అవతల గడ్డి కూడా సరిగా మొలవని మెట్టల్లో మాంగనీసు కోసం, అక్కడివాళ్ల మాటలో నల్లరాయి కోసం, ఏళ్ల తరబడి తిరిగి, ఆ ఎడారిలో నల్లగుంటపేట అనే ఊరినే నిలబెట్టిన మనిషి. అమ్మ చిన్నపిల్లగా ఉండగానే ఆయన పోయారు. అమ్మమ్మ పిల్లను తీసుకుని విశాఖపట్నం వచ్చేసింది, మళ్లీ ఎవరూ అటు వెళ్లలేదు. "గుర్తుపట్టడం ఏం కష్టం కాదే. తలదిక్కున ఇంత నల్లరాయి ఉంటాది, సూస్తే తెలిసిపోద్ది" అని అమ్మ చేతులు చాపి చూపించింది. నేను నమ్మేశాను.

ఈస్టర్ ముందు శనివారం బయల్దేరాను. ఆ రోజు అక్కడి బాప్టిస్టు కుటుంబాలవాళ్లు సమాధులకు సున్నం వేస్తారు, మర్నాడు తెల్లవారకముందే కొవ్వొత్తులు వెలిగిస్తారు. ఊరంతా ఒకేచోట దొరుకుతుంది కదా అని నా ఆలోచన. పొద్దున్నే పలాస వైపు వెళ్లే ప్యాసింజరు ఎక్కితే సుమారు రెండు గంటల్లో చీపురుపల్లి. టికెట్టు ఇరవై రూపాయల లోపే. పేరు చెక్కించి గోనెసంచిలో చుట్టిన రాయిని సీటు కింద పెట్టుకుని, ఎవరి కాలికి తగులుతుందో అని దారి పొడవునా భయపడుతూనే కూర్చున్నాను. స్టేషను బయట షేరు ఆటోలు ఉంటాయి, మనిషికి ఇరవై. రాయిని చూసి అప్పలనాయుడనే డ్రైవరు మొత్తం ఆటోకి రెండు వందలన్నాడు. బేరమాడే ఓపిక లేక ఎక్కేశాను.

"ఏటమ్మా అది, తిరగలా?" అన్నాడు. సీమోను గారి సమాధి కోసం తెచ్చిన రాయి అని చెప్పాను. "పెద్దాయనకా? ఆయన్ని బావికాడ కదా పెట్టినారు. నేను తీసుకెల్తాను, కూకో" అంటూ కథ మొదలుపెట్టాడు. పెద్దాయనది బొబ్బిలి వైపట. తప్పిపోయిన ఎద్దును వెతుక్కుంటూ వచ్చి, రాయి తగిలి బోర్లా పడ్డాడట. లేచి చూసుకుంటే పంచంతా నలుపట. నేను అమ్మ దగ్గర విన్న తాతయ్యది శ్రీముఖలింగం దగ్గరి ఊరు. ఆయన సుత్తి పట్టుకుని బుద్ధిపూర్వకంగానే తిరిగేవారు, కనబడిన ప్రతి రాయినీ అరచేతిలో ఎత్తి బరువు చూసేవారు. ఆ మాటే అంటే అప్పలనాయుడు వెనక్కి తిరిగి, "ఏమోనమ్మా, మా తాత అలాగే సెప్పినాడు. ఆయనా ఆ గోతుల్లో తట్టలు మోసినోడే" అన్నాడు. ఎద్దు ఎక్కడ, సుత్తి ఎక్కడ? నా తల అప్పుడే తిరగడం మొదలైంది.

అరగంటలో బావి దగ్గర దిగాం. అక్కడ సమాధి లేదు, నీళ్లు తోడుకుంటున్న ఒకావిడ ఉంది. మేం అడిగిందానికి నవ్వి, "సమాధేటి? ఇది పెద్దాయన మొదటి గొయ్యి. నల్లరాయి కోసం తవ్వితే నీల్లు పడ్డాయి. కూలికొచ్చినోల్లు ఇక్కడే గుడిసెలేసుకున్నారు, అదే ఊరైపోనాది" అంది. రాయి దొరకలేదని ఆయన ఏడ్చారో, నీళ్లు దొరికాయని సంతోషించారో ఆవిడకు తెలియదు. అప్పలనాయుడు తల గోక్కుని, "సిన్నప్పుడు ఇక్కడే అన్నారు మరి" అంటూ నన్ను శ్మశానం దగ్గర దింపి వెళ్లిపోయాడు.

గేటు దాటగానే ఆగిపోయాను. అక్కడ ప్రతి సమాధికీ తలదిక్కున నల్లరాయే. ఊళ్లో ఎవరు పోయినా గని రాయి ఒకటి తెచ్చి తల దగ్గర పెట్టడం తాతయ్య కాలం నుంచీ ఆనవాయితీ అట. అమ్మకు తన తండ్రిది ఒక్కటే గుర్తుంది. కొత్త సమాధుల మీద పేర్లున్నాయి. పాతవాటి మీద ఏమీ లేదు. ఎండలో జనం బకెట్లు, కుంచెలు పట్టుకుని సున్నం వేస్తున్నారు. రూతమ్మ అనే పెద్దావిడ నా సంగతి విని, చెయ్యి పట్టుకుని వేపచెట్టు పక్క సమాధి దగ్గరికి లాక్కెళ్లింది. "ఇదే మీ తాతది. నేను కోడలుగా వచ్చిన కాడినుంచీ నేనే సున్నమేస్తన్నాను." సంచి విప్పబోతుంటే, గోడవార పనిచేస్తున్న దానియేలు అనే పెద్దమనిషి కుంచెతోనే వచ్చాడు. "ఏటి రూతమ్మొదినా, పొరుగూరి పిల్లని తికమక పెడతన్నావు? పెద్దాయన గోడకాడున్నాడు. మా నాన్న సూపించినాడు నాకు."

ఇద్దరూ వాదించుకుంటుంటే మూడో కుటుంబం ఇంకో సమాధిని చూపించింది. రాయి ఎత్తుకుని ఒకదాని దగ్గర్నుంచి ఇంకోదాని దగ్గరికి తిరిగి తిరిగి, చివరికి గోడ నీడన చతికిలబడ్డాను. ఇంత దూరం వచ్చి, అమ్మ అడిగిన ఆ ఒక్క పనీ చేయలేకపోతున్నానని ఏడుపొచ్చింది. తప్పు సమాధి మీద పేరు పెడితే అంతకన్నా అన్యాయం.

రూతమ్మ గ్లాసుతో చోడి అంబలి, అదే రాగి జావ, ఒక ఉల్లిపాయ తెచ్చి నా పక్కన కూర్చుంది. "నిజం సెప్తన్నాను, ఇనుకో. ఎవులికీ తెల్దు. అప్పట్లో కర్ర సిలువలు, సెదలు తినేసినాయి. ఎవులింట్లో పెద్దోల్లు ఏది సూపిస్తే అదే పెద్దాయనది అనుకుంటన్నాం. అందుకే పేరు లేనివన్నీ తెల్లగా ఉన్నాయి. నువ్వు ఒకదాని మీద పేరెట్టేసి ఎలిపోతే, మిగతావాటికి సున్నం ఎవులేస్తారే?" దానియేలు కుంచెను బకెట్లో ముంచి అలాగే ఉంచేశాడు.

అమ్మకు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. అంతా విని, "అన్నిటికీ సున్నం ఏసినారా?" అంది. ఒక మూల ఒకటి మిగిలిందన్నాను. "అది నువ్వెయ్యి. అప్పుడు మా నాన్నకి ఏసినట్టే గదా. రాయి ఇంటికి తెచ్చీ." దానియేలు ఆ మాట చెబితే తన కుంచె నాకిచ్చాడు.

తాతయ్యకు రాయి పెట్టి వద్దామని వెళ్లినదాన్ని, ఎద్దు వెంట వచ్చారో సుత్తి పట్టుకుని వచ్చారో కూడా తేలకుండా తిరిగొచ్చాను. ఇప్పటికీ నాకు అయోమయమే. నేను సున్నం వేసింది ఎవరికో తెలియదు. ఆ రాయి మాత్రం అమ్మ మంచం పక్కన గోడకు ఆనించి ఉంది, పడుకునే ముందు ఆమె దాని మీద చెయ్యి వేస్తుంది. మీలో ఎవరైనా ఈస్టర్‌కు నల్లగుంటపేట వెళ్లేట్టయితే పొద్దున ప్యాసింజరుకే వెళ్లండి, ఎండ ముదిరితే ఆ మెట్టలో నిలబడలేరు. పేరు చెక్కిన రాయి మాత్రం మోసుకెళ్లకండి. ఒక సున్నం పొట్లం, ఒక కుంచె చాలు.