కత్తికి పెట్టిన బొట్టు

డెబ్బైల నాటి మాట. కాకినాడ నుంచి వచ్చి పటాన్‌చెరులో కాపురం పెట్టి ఏడాది తిరగకుండానే, ఫ్యాక్టరీ వాళ్లు మావారిని ట్రైనింగుకని ఆరు నెలలు జపాన్ పంపారు. మూడో నెలలో, ముందుగా తిరిగొచ్చిన తోటి ఫిట్టరు చేత ఒక వంటకత్తి, ఉత్తరం పంపారాయన.

"పది కత్తులు పట్టి చూశాను. నీ చెయ్యి తలుచుకుని తేలికైనది ఎంచాను. నిమ్మకాయ కొయ్యకు. వాడగానే కడిగి, తుడిచి, నూనె రాయి."

కత్తిపీటకు అలవాటైన చెయ్యి నాది. అయినా దాంతోనే దొండకాయలు కోసి, స్నానం చేయించిన పసిబిడ్డను తుడిచినట్టు తుడిచేదాన్ని.

దసరా వచ్చింది. ఫ్యాక్టరీలో ఆయన మిషనుకు పూజ చేయడానికి ఆయన లేరు. అందుకని నేను ఈ కత్తికి చేశాను. తడిపిన కుంకుమతో బొట్టు పెట్టి, పూజలో ఉన్నదాన్ని కదపకూడదని వదిలేశాను. మర్నాడు తుడిస్తే బొట్టు కింద తుప్పు!

అంత దూరంలో ఉన్న మనిషికి ఏమవుతుందోనని ఏడుపు ఆగలేదు. పక్కింటి సంగమ్మ పరుగెత్తుకొచ్చింది.

"తడి పెడితే ఇనుము తుప్పు వట్టదా వదినా? గిదానికే ఏడుస్తరా ఎవలన్నా?" అంటూ బూడిదతో రుద్దింది. తుప్పు పోయింది గానీ నల్లటి మచ్చ మిగిలింది.

ఆయన వచ్చీ రాగానే కత్తి ఏదన్నారు. బియ్యం డబ్బాలో దాచినదాన్ని తీసి, తల వంచుకుని జరిగింది చెప్పాను. మచ్చను బొటనవేలితో తడిమి, "ఉండనీ, నువ్వు పెట్టిందేగా," అన్నారు.

ఆయన పోయాక నేను బొట్టు మానేశాను. ఈ కత్తికి మాత్రం అలాగే ఉంది.