పేరు తెలియని ముప్పై ఎనిమిది కుండీలు

కరీంనగర్‌లో నేను పనిచేసిన సర్కారు దవాఖానకు వెళ్ళే దారిలో ఒక చిన్న గడియారాల దుకాణం ఉండేది. చేతి గడియారం ఆగిపోతే ఒకరోజు అక్కడికి వెళ్ళాను. విప్పిన గడియారాల మధ్య, టీ గ్లాసంత కుండీలో ఒక ముళ్ళ మొక్క కనిపించింది. నిమ్మకాయంత కూడా లేదు. దాని మొదట్లో, మట్టిని ఆనుకుని, నాలుగు ఎర్రటి పువ్వులు విచ్చుకుని ఉన్నాయి. మొక్క కంటే పువ్వులే పెద్దవి.

"నిజం పువ్వులేనా చాచా?" అని అడిగాను. అంతకు ముందు ఏడాది ఒక మేళాలో కొన్న మొక్కకు ఎండుపువ్వును జిగురుతో అంటించారని ఇంటికి వచ్చాక తెలిసి మోసపోయినదాన్ని.

దుకాణం నడిపే పెద్దాయన కంటికి బిగించుకున్న భూతద్దం తీసి నావైపు చూశారు. "ముట్టుకొని సూడు బిడ్డా. అతికించిన పువ్వైతే పొద్దుగూకినంక ముడుసుకుంటదా?"

ఇంటి దగ్గర ఇంకా ఉన్నాయని ఆయన అంటే, ఆ ఆదివారం వాళ్ళింటి డాబా మీదికి వెళ్ళాను. ఎండ తగలకుండా కట్టిన నీడవల కింద వరుసగా కుండీలు. అవన్నీ బొలీవియా, అర్జెంటీనా కొండల మీద, మేఘాలకు దగ్గరగా, రాళ్ళ సందుల్లో పెరిగే జాతులు. చాలా ఏళ్ళ కిందట విదేశాల నుంచి పోస్టులో గింజలు తెప్పించి మొలిపించారట. ప్రతి కుండీలో ఐస్‌క్రీం డబ్బా మూత నుంచి కత్తిరించిన తెల్లటి పట్టీ ఒకటి గుచ్చి ఉంది. దాని మీద పెన్సిలుతో పేరు, పేరు కింద ఒక నంబరు. పెన్ను రాత ఎండకు ఏడాదిలో పోతుందని, పెన్సిలు రాతే నిలుస్తుందని చెప్పారు.

ఒక పట్టీ మీద మూడు పేర్లున్నాయి. పైవి రెండూ కొట్టేసి ఉన్నాయి.

"ముందు గిదాన్ని లోబివియా అన్నరు. బొలీవియా పేరునే అక్షరాలు అటిటు జేసి పెట్టిండ్రు. తర్వాత కాదు, వేరే జాతిల కలపాలె అన్నరు. మళ్ళ ఇప్పుడు ఎన్కకు తెచ్చిండ్రు" అన్నారు చాచా. "పేర్లు సదువుకున్నోళ్ళు మారుస్తనే ఉంటరు. గీ నంబరు మారది. ఏ కొండ మీద, ఎంత ఎత్తుల దొరికిందో గింజ తెచ్చినోళ్ళు రాసుకున్న నంబరు గిది. నంబరు పోయిందనుకో, మొక్కకు ఊరు పోయినట్టే."

ఒక నోట్‌బుక్ కూడా చూపించారు. నంబరు, పేరు, దొరికిన చోటు, ఎత్తు, ముళ్ళ లెక్క, పువ్వు రంగు అన్నీ గింజలతో వచ్చిన జాబితా నుంచి రాసి పెట్టుకున్నారు. రంగులున్నాయి కానీ, ఆ మొక్కల్లో సగానికి పైగా ఆయన ఇంట్లో ఒక్కసారీ పూయలేదు.

రెండేళ్ళు ప్రతి ఆదివారం వెళ్ళాను. తర్వాత వాళ్ళింటి డాబా మీద ఇంకో అంతస్తు లేపాల్సి వచ్చింది. మొక్కలకు చోటు లేకపోయింది. కొన్ని తన దగ్గర ఉంచుకుని, ముప్పై ఎనిమిది నాకిచ్చారు. "పట్టీలు పైలం బిడ్డా" అన్నారు. వేరే జాగ్రత్తలేవీ చెప్పలేదు.

అప్పటికి అవ్వ, అంటే మా అమ్మ, నా దగ్గరే ఉంటోంది. సిరిసిల్లలో బాపు మరమగ్గాలు నడిపినన్ని రోజులూ అవ్వ నూలు కండెలు చుట్టింది. బాపు పోయాక నాతో వచ్చేసింది. ముళ్ళ మొక్కలు ఇంట్లో ఉండకూడదని మొదట గొణిగింది కానీ, పొద్దున లేస్తే డాబా మీదికి వెళ్ళి వాటిని చూసేది తనే.

ఆ ఎండాకాలం ఒక ఆదివారం నేను చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ మొహం వేడెక్కుతుంది. కొన్ని పట్టీల మీద మట్టి పట్టి రాత మసకబారిందని, అన్నింటినీ ఒకేసారి కొత్తగా రాద్దామనుకున్నాను. ముప్పై ఎనిమిదీ పీకి, కుండీల వరుసలోనే ఒక పళ్ళెంలో పేర్చి, పెన్సిలు చెక్కుకు రావడానికి కిందికి దిగాను. పైకి వచ్చేసరికి పిట్టగోడ మీద కోతులు కూర్చుని ఉన్నాయి. పళ్ళెం బోర్లా పడి ఉంది. పట్టీలు డాబా అంతా చెల్లాచెదురయ్యాయి. ఒక కోతి ఒకదాన్ని కొరుకుతోంది.

పక్కింటి డాబా మీద పడినవాటితో కలిపి ఇరవై తొమ్మిది దొరికాయి. కానీ ఏది ఏ కుండీదో ఎలా తెలుస్తుంది? ఫోన్‌లో ఫొటోలు వెతికాను. పువ్వులను దగ్గర నుంచి తీసినవి మూడు ఉన్నాయంతే. వాటిలో కుండీ కనిపించడం లేదు.

ఓ పది మొక్కల దగ్గర 'ఇది అదే' అనిపించింది. రెండింటిలో పట్టీలు గుచ్చాను కూడా. అంతలో నా ఉద్యోగం గుర్తొచ్చింది. దవాఖానలో నేను చేసేది రక్త పరీక్షల పని. పేరు రాయని సీసా వస్తే, అది ఎవరిదో ఎంత గట్టిగా అనిపించినా పరీక్ష చేయం. మళ్ళీ రక్తం తీయమని పంపిస్తాం. గుచ్చిన రెండూ పీకేశాను. కొత్త పట్టీలు కత్తిరించి ఒకటి నుంచి ముప్పై ఎనిమిది వరకు అంకెలు వేశాను. ప్రతి అంకె కింద 'పేరు తెలియదు' అని రాశాను.

మర్నాడు చాచాకు చెప్పాను. ఆయన చేతిలో ఉన్న గడియారానికి బెల్టు బిగించి పక్కన పెట్టారు.

"ఎన్ని యాదికున్నయ్?"

"పదింటి దాకా గుర్తుపడతననుకుంటున్న చాచా."

"అనుకునుడు వద్దు. తప్పు పేరు కన్నా పేరు లేకపోవుడే నయం. పువ్వు రానీ. వస్తే నోట్‌బుక్ల ఎతుకుదాం."

"రాకుంటే?"

"రాకుంటే తెల్వదనే ఉండనీ."

పువ్వు రావాలంటే చలి కావాలి. కొండ జాతులు చలికాలమంతా నీళ్ళు లేకుండా, కొరికే చలిలో నిద్రపోతేనే వసంతంలో మొగ్గ వేస్తాయి. కరీంనగర్ చలి వాటికి సరిపోదు. ఇరవై ఏళ్ళుగా చాచా ఇంట్లో సగానికి పైగా పూయకపోవడానికి కారణం అదే.

ఆ సంవత్సరం మా శాఖలో బదిలీలు వచ్చాయి. నేను రాష్ట్రంలోనే చలి ఎక్కువుండే ఆదిలాబాద్ జిల్లాలోని బోథ్ కోరుకున్నాను. కాగితం తీసుకున్న ఉద్యోగి రెండుసార్లు చదివాడు. "అందరు అటు నుంచి ఇటు రావాలని సూస్తరు మేడం. మీరేంది అటు పోతమంటున్నరు?" అన్నాడు. అక్కడ వాతావరణం బాగుంటుందన్నాను. అబద్ధం కాదు.

అవ్వకు మాత్రం కోపం వచ్చింది. "ముండ్ల చెట్ల కోసం ఎవలన్న ఊరు ఇడుస్తరా?"

"నేనే ఖరాబు జేసిన అవ్వా. నేనే సక్కజెయ్యాలె."

ఆ పూట అవ్వ సణుగుతూనే వంట చేసింది. మరుసటి రోజు పాత చీరలు చింపి కుండీల మధ్య కుక్కడం మొదలుపెట్టింది. నిర్మల్ దాటాక ఘాట్ రోడ్డు మలుపుల్లో సామాను ఎక్కించిన ట్రాలీ ఊగినా ఒక్క కుండీ కూడా ఒరగలేదు.

బోథ్‌లో మాకు రేకుల ఇల్లు అద్దెకు దొరికింది. ఇంటావిడ మాతృభాష మరాఠీ. నన్ను 'తాయి', అంటే అక్కా, అని పిలిచేది. దీపావళి నాటికి మొక్కలకు నీళ్ళు ఆపేశాను. కార్తీకం దాటేసరికి పొద్దున్నే బకెట్‌లో చేయి పెడితే వేళ్ళు కొంకర్లు పోయేవి. మొక్కలు ఎండు రేగుపండ్లలా ముడతలు పడి మట్టిలోకి కుంగిపోయాయి. నేనూ అవ్వా రెండు రోజులు సిరిసిల్ల వెళ్ళి వచ్చేసరికి ముందు వరుస కుండీలు తడిగా ఉన్నాయి.

"ఎండిపోతున్నయ్ తాయి, సూడలేక పోసిన" అంది ఇంటావిడ.

ఆ చలిలో తడి ఆరలేదు. నాలుగు మొక్కలు కుళ్ళిపోయాయి. తప్పు ఆమెది కాదు. నేను చెప్పి వెళ్ళాల్సింది. మరునాడు ఆమెను కూర్చోబెట్టి ఎందుకు పోయకూడదో వివరించాను. ఆ తర్వాత పక్కింటి మేకలను కూడా దగ్గరికి రానివ్వకుండా కాపలా కాసింది.

శివరాత్రి ముందు ఒక పొద్దున అవ్వ పిలిచింది. "గీ మొక్కకు కింద కురుపులు లేసినయ్, సూడు." కురుపులు కాదు, మొగ్గలు. ముళ్ళ మధ్య నుంచి పెసరగింజంత ఎర్రటి మొగ్గలు. వారంలో ఇంకో పది మొక్కలకు వచ్చాయి. చాచాకు ఫోన్ చేస్తే, దుకాణం మూసి, నోట్‌బుక్కు, కంటి భూతద్దం సంచిలో వేసుకుని, బస్సులు మారి వచ్చారు.

నోట్‌బుక్‌లో ఎరుపులే తొమ్మిది రకాలున్నాయి. చాచాకు, నాకు అన్నీ ఒక్కలాగే కనిపించాయి. అవ్వ వచ్చి కూర్చుంది. "గివి రెండు ఒక్కటెట్లయితయ్? ఇది మిరపపండు, అది కనకాంబరం. అగో, దాని గొంతు కాడ పసుపు దిగింది, సూడుండ్రి." ముప్పై ఏళ్ళు నూలు రంగులు చూసిన కన్ను అది. అవ్వ రంగు చెప్పడం, చాచా భూతద్దంతో ముళ్ళు లెక్కపెట్టడం, నేను నోట్‌బుక్‌లో వెతకడం. అన్నీ కలిసినప్పుడే పేరు రాశాం. సాయంత్రం పువ్వులు ముడుచుకునే వేళకు తొమ్మిదింటికి పేర్లు తిరిగొచ్చాయి. రెండింటి మీద అనుమానం ఉంది. అవి అలాగే వదిలేశాం.

లేచేటప్పుడు చాచా పంతొమ్మిదో అంకె కుండీ దగ్గర ఆగారు. "గిది నాకు ఎరుకే. పక్కన గాట్లు సూడు. పక్కన మొలిసిన పిల్ల మొక్కలు కోసి పది పదిహేను మందికి పంచిన. పసుపు పువ్వుది. పేరు రాయి" అన్నారు.

అది ఆయన ఇంట్లో గానీ, నా దగ్గర గానీ ఎన్నడూ పూయలేదు.

"పువ్వు రానీ అన్నది మీరే గద చాచా."

ఆయన నవ్వారు. "సరే, రానీ."

మరుసటి వసంతంలో ఇంకో పన్నెండింటికి పేర్లు దొరికాయి. పంతొమ్మిదికి కూడా మూడు మొగ్గలు వచ్చాయి. అవి విచ్చుకునే పొద్దుకు మళ్ళీ బోథ్ వచ్చిన చాచా, కుర్చీ వేసుకుని దాని ముందు కూర్చున్నారు. పది గంటలకు ఒక మొగ్గ విచ్చుకుంది. పసుపు కాదు.

"ఉల్లిపొర రంగు" అంది అవ్వ.

నోట్‌బుక్ మొదటి పేజీ నుంచి చివరి దాకా వెతికాం. ఆ రంగు, ఆ ముళ్ళు కలిసే వరుస ఒక్కటీ లేదు. గింజ పంపినవాళ్ళ దగ్గరే పొట్లం మారిందో, తేనెటీగలు రెండు జాతులను కలిపేశాయో తెలియదు. ఆ మొక్కకు మొదటి రోజు నుంచీ ఉన్నది తప్పుడు పేరే.

చాచా పేజీలు మళ్ళీ మొదటి నుంచి తిప్పారు. అవ్వ ఇచ్చిన చాయ చల్లారిపోయింది. చివరికి, "పదేనేండ్లు పంచిన బిడ్డా. పేరు రాసి, నంబరేసి మరీ ఇచ్చిన. గా ఇండ్లల్ల పట్టీలు ఇంకా నా చేతి రాతతోటే ఉన్నయ్" అన్నారు.

"ఎవలకు తెలుస్తది చాచా?"

"నాకు తెల్సింది గద."

ఎవరెవరికి ఇచ్చారో ఆ రోజే నా చేత కాగితం మీద రాయించారు. పద్నాలుగు మంది తేలారు. ఆరుగురు ఫోన్‌లో దొరికారు. ఇద్దరి మొక్కలు ఎప్పుడో ఎండలకు చచ్చిపోయాయి. ఒకాయన, "దాన్దేముంది సాబ్, మేము బంగారుగుండు అంటం, పేరెందుకు" అన్నాడు. చాచా వదల్లేదు. అతను పట్టీ తీసి కొత్తది రాసేదాకా ఫోన్ పెట్టలేదు. మిగిలిన ఎనిమిది మందినీ ఇళ్ళకు వెళ్ళి కలవాలన్నారు. ఆయనను ఒంటరిగా పంపడం ఇష్టం లేక నేనూ సెలవు పెట్టాను.

పోయిన నెల జగిత్యాలలో ఒక ఇల్లు పట్టుకోగలిగాం. తలుపు తీసినామెకు చాచా తన పని చెప్పారు. ఆమె లోపలికి వెళ్ళి కుండీ తెచ్చింది. పట్టీ ఉంది. రాత కూడా చెదరలేదు.

"ఒక్కపారి పూసింది" అంది ఆమె. "ఉల్లిపొర లెక్క. మా ఆయన ఫోన్ల సూసి, గీ పేరుది పసుపు పూస్తదంట అన్నడు. మాకే సక్కగ పెంచుడు రాలే అనుకున్నం. ఆయనైతే మట్టి మార్సిండు, ఎరువు మార్సిండు."

"గల్తీ మీది కాదమ్మా, నాది" అన్నారు చాచా. పట్టీ పీకి, వెనక్కి తిప్పి, మోకాలి మీద పెట్టుకుని పెన్సిలుతో రాశారు. 'పేరు తెలియదు. ఉల్లిపొర రంగు పువ్వు.' గుచ్చి, చుట్టూ మట్టి వేలితో నొక్కారు.

ఆమె మమ్మల్ని కూర్చోమంది. చాయ తాగి వెళ్ళమంది. పొద్దు వాలకముందే కోరుట్లలో ఇంకో ఇల్లు చూడాలని చెప్పి, బస్‌స్టాండ్‌కు నడిచాం.