ఒక ప్రార్థన సేపు

రేవులో పెర్సెబెస్ పండగంటే కాగు దగ్గర దోసిందా ఉండాల్సిందే. రాళ్లకు కరుచుకుని, వేలంత లావున, కొసన గోరులాంటి చిప్పతో పెరిగే పెర్సెబెస్ అనే ఆ నల్లటి సముద్రపు జీవాలను ఉడకబెట్టడంలో ఆమెది తిరిగిన చెయ్యి. నీళ్లు తెర్లాక వాటిని వెయ్యాలి. మళ్లీ పొంగు రాగానే పరలోక ప్రార్థన ఒక్కసారి చదువుకుని దించెయ్యాలి. ముందే దించితే పచ్చి, ఆలస్యమైతే రబ్బరు. ఆ తీరంలో ఆడవాళ్లందరి లెక్కా అదే. దోసిందా చర్చికి వెళ్లేది పెళ్లిళ్లకూ చావులకూ మాత్రమే. ఆ ప్రార్థనతో దేవుణ్ని ఏనాడూ ఏమీ అడిగింది లేదు. అది ఆమెకు వంటింటి గడియారం, అంతే.

ఈసారి పండగ ముందు వారమంతా సముద్రం కుదురుగా లేదు. బస్తాలు సగమే నిండాయి. తెల్లవారుతూనే ఆమె మొగుడు ఎలాదియో రబ్బరు సూటు తొడుక్కున్నాడు.

“ఇంత జనం వచ్చి ఉత్త పళ్లేలు నాకి పోతారా? ఒక్క ఆటు చూసుకుని వచ్చేస్తా.”

“అలల వంక చూశావా?”

“నేను చూడకపోతే పడవలోంచి అమారో చూస్తాడు. నా నడుముకు కట్టిన తాడు వాడి చేతిలోనేగా ఉండేది.”

“అయితే పో. ఆ రాతితోనే కాపురం చెయ్యి.”

అతను నవ్వుకుంటూ వెళ్లిపోయాడు. అతను పడవ ఎక్కేముందు ఆమె అన్న ఆఖరి మాట అదే.

మధ్యాహ్నానికి పోటు బాగా ఎక్కింది. తక్కిన పడవలన్నీ రేవు చేరాయి, ఆ ఇద్దరి పడవ తప్ప. గుడారాల మధ్య తిత్తి బూరలు మోగుతున్నాయి. పళ్లేలు అందిస్తున్న ఒబ్దూలియా ఎలాదియోకు సొంత అక్క.

“వదినా, రేవు చివర ఏమైనా కనిపిస్తోందా?” అంది దోసిందా.

“నీ పని నువ్వు చూడు పిల్లా. వాడు చిన్నప్పట్నుంచీ భోజనానికి ఆలస్యంగా వచ్చే రకమే.”

అందే గానీ, ఒబ్దూలియా చూపు కూడా పళ్లేల మీద లేదు.

రేవు చివరికి వెళ్లి చూడటానికి దోసిందాకు కాళ్లు రాలేదు. చిన్నప్పుడు వాళ్లమ్మ తల మీద శాలువా కప్పుకుని అక్కడే నిలబడింది. తిరిగొచ్చింది నాన్న టోపీ ఒక్కటే. తనూ అక్కడ నిలబడితే అదే జరుగుతుందేమోనని భయం. కాగు దగ్గరున్నంతసేపూ ఇది ఇంకా పండగ రోజే.

అమారో గుడారంలోకి వచ్చేసరికి అతని ఒంటి మీంచి నీళ్లు కారుతున్నాయి. నడుముకు తాడు వేలాడుతోంది. దాని కొస కత్తితో కోసి ఉంది.

“దోసిందక్కా, తాడు రాళ్ల సందులో ఇరుక్కుంది. మీదికి పెద్ద అల వస్తోంది. వాడే కోసేసుకున్నాడు, లేకపోతే నేనూ పోయేవాణ్ని. అల వెనక్కి తీశాక చూస్తే రాతి పైగట్టు పట్టుకుని వేలాడుతున్నాడు. సముద్రం నా పడవను దగ్గరికి పోనివ్వలేదు. ఇప్పుడు రక్షణ పడవ వెళ్లింది.”

“నువ్వు చూసినప్పుడు కదిలాడా?”

“చెయ్యి ఎత్తాడు.”

“రమ్మనా, పొమ్మనా?”

అమారో నేల చూశాడు. “తెలీదక్కా.”

దోసిందా ఇంకో బుట్టెడు కాగులో వేసింది. పొంగు వచ్చింది. ప్రార్థన మొదలుపెట్టింది. ఇన్నేళ్లలో మొదటిసారి ఒక్కో మాటా చెవిన పడింది. ‘అంతా నీ ఇష్టప్రకారమే జరగనీ’ అనే చోట నాలుక ఆగిపోయింది. ఆ మాట అంటే, ఏం జరిగినా తను ఒప్పుకున్నట్టే. మళ్లీ మొదటికి వెళ్లింది. మళ్లీ అక్కడికే వచ్చి ఆగింది. నీళ్లు కుతకుతా ఉడుకుతూనే ఉన్నాయి.

“దించవేం?” అంది ఒబ్దూలియా.

“ఇంకా అవలేదు వదినా.”

“కాగంతా పొంగి పొయ్యి మీద పడుతుంటే అవలేదంటావేం?”

“ప్రార్థన అవలేదు.”

ఒబ్దూలియా ఆమె ముఖంలోకి చూసి, కాగు తనే దించింది.

ఊరికి కొత్తవాడొకడు పళ్లెం వెనక్కి తెచ్చాడు. “ఏమ్మా, ఇవి తినడానికా, చెప్పులు కుట్టుకోవడానికా?”

“నచ్చకపోతే అక్కడ పెట్టి వెళ్లు నాయనా. ఇవాళ ఇవి ఇలాగే ఉంటాయి.”

కబురు గుడారం నుంచి గుడారానికి పాకింది. బూరలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఊరివాళ్లు వచ్చి, పళ్లేలు తీసుకుని, ఆ రబ్బరు ముక్కల్ని కిక్కురుమనకుండా నమిలారు. దోసిందా కాగు వెనక కాగు ఎక్కిస్తూనే ఉంది. ప్రతిసారీ అదే మాట దగ్గర ఆగుతూనే ఉంది.

పొద్దు వాలుతుండగా రక్షణ పడవ సైరన్ వినిపించింది. జనం రేవు వైపు పరుగెత్తారు. దోసిందా గరిటె పట్టుకుని అక్కడే ఉండిపోయింది. వెనక్కి తిరగలేదు. ఆవిరిలోకే చూస్తూ నిలబడింది.

“ఆసుపత్రికి నడవమంటే ఇటెక్కడికయ్యా? ఆ చెయ్యి విరిగింది,” అని ఎవరో ఆడమనిషి కేకలేస్తోంది.

“చెయ్యేగా విరిగింది, నోరు బాగానే ఉంది. ఆకలేస్తోంది.”

దుప్పటి కప్పుకున్న ఎలాదియో వచ్చి చేపల పెట్టె మీద కూలబడ్డాడు. పెదవి చిట్లి ఉంది. బాగున్న చేత్తో పళ్లెంలోంచి ఒకటి తీసి, తోలు ఒలిచి, నోట్లో వేసుకున్నాడు. చాలాసేపు నమిలాడు.

“దోసిందా, వీటిని ఎన్ని ప్రార్థనల సేపు ఉడకబెట్టావే?”

“సగమే,” అంది దోసిందా, పొయ్యి ఆర్పుతూ.