ఆయుధ పూజ వరుసలో ఊపిరి యంత్రం

రెండేళ్ళుగా నేను కోయంబత్తూరు పొలిమేర దాటలేదు. కారణం కాళ్ళు కాదు, నిద్ర. స్లీప్ ఆప్నియా అనే జబ్బు వల్ల నిద్రలో నా శ్వాస ఆగి ఆగి నడుస్తుంది. నేను బడిలో పాఠం చెప్పిన సంస్కృత వృత్తాల్లో యతి, అంటే విరామం, రావలసిన చోటే వస్తుంది. చదివేవాడు అక్కడ ఊపిరి తీసుకొని ముందుకు సాగుతాడు. ఈ జబ్బులో విరామానికి అలాంటి నియమం లేదు. అందుకని ముక్కుకు మాస్కు తగిలించుకొని, గాలిని ఒత్తిడితో పంపే సీప్యాప్ యంత్రాన్ని పక్కన పెట్టుకొని పడుకుంటాను. ఆ యంత్రానికి కరెంటు కావాలి. కరెంటు మీద నమ్మకం లేని చోటికి వెళ్ళడం మానుకున్నాను. ఈ అక్టోబరులో ఆ నియమాన్ని నేనే తెంచుకొని, ఒక బ్యాటరీని సంచిలో పెట్టుకొని మదురై వైపున్న వాడిపట్టి దగ్గరి పల్లెకు వెళ్ళి వచ్చాను. ఇలాంటి యంత్రంతో ప్రయాణం తలపెట్టినవారికి పనికివస్తుందని ఈ అనుభవం రాస్తున్నాను.

నన్ను కదిలించింది మా రంగమ్మక్క ఫోను. ఆమె భర్త వెంకటసామి బావకూ ఇదే జబ్బు. డెబ్బై నాలుగేళ్ళ రైతు. ఒకనాడు ట్రాక్టరు మీదే కునుకు పట్టి, బండి పొలం గట్టు మీదికి ఎక్కేసింది. అదృష్టం కొద్దీ ఆగిపోయింది. నెల రోజులు విడవకుండా యంత్రం వాడితే తప్ప ట్రాక్టరు ఎక్కరాదని డాక్టరు చెప్పారు. బావ వారం రోజులు వాడారు. ఒక రాత్రి కరెంటు పోయి, గాలి ఆగిన మాస్కు ముఖాన్ని పట్టుకొని ఉండగా ఉక్కిరిబిక్కిరై లేచి కూర్చున్నారు. మరునాడే దాన్ని అటక ఎక్కించారు.

"రాత్రంతా ఆయన మూచ్చు వింటా కూర్చోనుండానప్పా," అంది అక్క. "ఆగిపోతే తట్టి లేపేది, మళ్ళా వస్తే నేను వాలేది. రెణ్ణెల్లాయె నాకు తూక్కమే లేదు."

మూచ్చు అంటే ఊపిరి, తూక్కం అంటే నిద్ర. తరాల కిందట తమిళదేశానికి వచ్చిన మా ఇళ్ళలో తెలుగూ తమిళమూ ఇలా ఒకే కంచంలో కలిసిపోయాయి. అక్క మాటల్లో ఫిర్యాదు కంటే అలసట ఎక్కువగా వినబడింది. బావ ఊపిరికే కాదు, అక్క నిద్రకూ ఏదో ఒకటి చేయాలనుకున్నాను.

మా వీధి చివర ఇన్వర్టర్లు అమ్మే కొట్టు ఉంది. యజమాని కూడా ఇక్కడి తెలుగు వర్తక కుటుంబాల మనిషే. మూడువందల వాట్-అవర్ల లిథియం బ్యాటరీని బల్ల మీద పెట్టి, నా యంత్రాన్ని తిప్పి చూసి, నవ్వాడు. "అయ్యా, గాలికి కరెంటు కొంచెమే. గాలికి తేమ ఇచ్చే నీళ్ళ తొట్టి ఉండాదే, దాన్ని కాచేదానికే అంతా తాగేస్తాది. తొట్టి వేడిని ఆపేయండి, నేరుగా పన్నెండు వోల్టుల వైరు పెట్టుకోండి." బ్యాటరీ, నా యంత్రానికొకటి బావ యంత్రానికొకటి ఆ వైర్లు రెండు కలిపి ఇరవై రెండు వేలయింది. మా డాక్టరును అడిగి, మూడు రాత్రులు ఇంట్లోనే తేమ లేకుండా వాడి చూశాను. గొంతు కాస్త ఎండింది, నిద్ర మాత్రం చెడలేదు.

ఆయుధ పూజ నాటి ఉదయం ఆరింటికి సింగానల్లూరు బస్టాండులో బస్సు ఎక్కాను. పల్లడం, ధారాపురం, ఒట్టన్‌ఛత్రం మీదుగా దిండుగల్లుకు నాలుగు గంటల పైన పడుతుంది. అక్కడ మదురై వైపు బస్సు మారితే ముప్పావు గంటలో వాడిపట్టి. రెండు టికెట్లకూ కలిపి మూడువందలు చాలు. పండుగ కనుక బస్సు ముందు రెండు అరటి పిలకలు కట్టి, స్టీరింగుకు చందనం పూశారు. కండక్టరు నా సంచిని కింది సామాన్ల గదిలో పెట్టమన్నాడు. లిథియం బ్యాటరీని ఎండకు కాగే గదిలో పెట్టకూడదు. అది నా ఊపిరి, దగ్గరే ఉండాలి అన్నాను.

"అయితే ఒళ్ళోనే పెట్టుకోండయ్యా," అన్నాడతను. "ఊపిరికి టికెట్టు కొట్టేదానికి నా మిషన్‌లో బటను లేదు."

ధారాపురం దాటాక గాలిమరల బారు, ఆ తరువాత ఒట్టన్‌ఛత్రం కూరగాయల లారీలు, దూరాన కొండల వరుస. రెండేళ్ళ తరువాత చూస్తున్నందుకేమో, అన్నీ కొత్తగా అచ్చయిన పుస్తకంలా కనబడ్డాయి. వాడిపట్టిలో దిగి, నూట ఇరవై రూపాయల ఆటోలో పన్నెండున్నరకు అక్క ఇంటికి చేరాను.

సంచి గడప దగ్గర దించి స్నానానికి వెళ్ళాను. వచ్చేసరికి పూజ అయిపోయింది. వసారాలో ట్రాక్టరు తాళం చెవి, కొడవళ్ళు, పార, కత్తిపీట, పిల్లల పుస్తకాలు ఒక వరుసలో ఉన్నాయి. వాటి నడుమ, అన్నింటికంటే పెద్ద చామంతి దండతో, అటక దిగిన బావ యంత్రమూ నా యంత్రమూ నా బ్యాటరీయూ కూర్చుని ఉన్నాయి. మూడింటికీ ఒళ్ళంతా చందనపు బొట్లు, కుంకుమ. నా యంత్రం గాలి పీల్చుకొనే జల్లెడ మీద చందనం మందంగా, నిండుగా అద్ది ఉంది.

మా ఇళ్ళలో పూజలో పెట్టిన పనిముట్టును మరునాటి ఉదయం దాకా ముట్టరు. ఆ సంగతి నాకంటే ముందు బావకు గుర్తొచ్చింది.

"చూస్తివా బామ్మర్దీ," అన్నారాయన వాలుకుర్చీలో హాయిగా సర్దుకుంటూ. "నేను వద్దనలేదు. దేవుడే వద్దంటుండాడు. రేప్పొద్దున దాకా తాకరాదు."

"రేపు ఇంగొకటి చెప్తాడు," అంది అక్క. ఆమె ముఖం వాడిపోయింది. "నేనే తప్పు చేస్తినా తమ్ముడా? ఇంట్లో దీనికంటే పెద్ద సామాను ఏముండాదని నడిమిట్లో పెడితి."

నేను శాస్త్రం వైపు నుంచి మొదలుపెట్టాను. ఇంద్రియాలన్నీ తమలో ఎవరు గొప్పని తగవులాడుకోవడం, ఒక్కొక్కటే వెళ్ళి చూసినా ఒళ్ళు నిలబడటం, చివరికి ప్రాణం లేవబోతే, గుర్రం లేస్తే కట్టుకొయ్యలు పెకలినట్లు మిగతావన్నీ కదిలిపోవడం, ఆ పాత ఉపనిషత్తు కథ చెప్పాను. ప్రాణానికి సెలవు లేదు కనుక దాని పరికరానికీ లేదన్నాను. బావ శ్రద్ధగా విని, "కథ బాగుండాది," అన్నారు. అంతే.

అక్క మాత్రం వంటింటి వైపు చూస్తోంది. "అడుప్పుకు కూడా బొట్టు పెడితి," అంది మెల్లగా. అడుప్పు అంటే పొయ్యి. "పెట్టినాక వెలిగించి శెనగల సుండలు చేస్తి. పొయ్యికి పూజ చేసేది ఆపేదానికి కాదు, బాగా మండాలని. ఇదీ పొయ్యి మాదిరే." వరుసలోకి వంగి, రెండు యంత్రాలనూ బ్యాటరీనీ కళ్ళకద్దుకొని తీసింది.

బావ వాలుకుర్చీలో నిటారుగా లేచి కూర్చున్నారు. నా ఉపన్యాసం సాధించలేనిది ఒక పొయ్యి సాధించింది.

నా యంత్రం జల్లెడను తీసి పారేసి, సంచిలోని కొత్తది వేశాను. తడిగుడ్డతో బావ యంత్రాన్ని తుడిచి, తొట్టి వేడి ఆపి, బ్యాటరీకి తగిలించాను. భోజనాలయ్యాక బావను మంచం మీద పడుకోమన్నాను. పగటిపూట, అందరూ చూస్తుండగా. మాస్కు దగ్గరికి తేగానే ఆయన నా మణికట్టు పట్టుకున్నారు. ఆ పట్టులో హాస్యం లేదు.

"ఆగిపోతే?"

"గోడలో ప్లగ్గే లేదు బావా. ఈ మిషన్‌కు ఆ కరెంటుతో చుట్టరికమే లేదు. అది పోయిందో వచ్చిందో దీనికి తెలియదు."

ఆయన వైరును చూపుతో గోడ దాకా వెతికి, గోడకు చేరలేదని రూఢి చేసుకొని, చేయి వదిలారు. పది నిమిషాల్లో నిద్రపోయారు.

మూడున్నరకు సిరుమలై కొండల వైపు నుంచి మబ్బు కమ్మి, వాన దంచింది. ఫ్యాను నాలుగు చుట్లు తిరిగి నిలిచిపోయింది. అక్క చటుక్కున లేచి మంచం దగ్గరికి వచ్చింది. యంత్రం అదే సన్నని శ్రుతిలో నడుస్తోంది. బావ రొమ్ము లేస్తోంది, దిగుతోంది. అక్క వేళ్ళు మడుస్తూ కాసేపు లెక్కపెట్టింది, తరువాత మానేసింది. మంచం పక్కనే నేల మీద కూర్చుని స్తంభానికి వీపు ఆనించింది. నేను సుండల గిన్నె పక్కకు జరిపి చూసేసరికి ఆమె నిద్రపోతోంది. వాన వెలిసే దాకా ఇద్దరూ లేవలేదు.

సాయంత్రం కరెంటు వచ్చాక బ్యాటరీని మళ్ళీ నింపాను. రాత్రి ఇద్దరి యంత్రాలనూ దానికే తగిలించుకొని పడుకున్నాం. రాత్రి రెండుసార్లు కరెంటు పోయిందని పక్కింటివాళ్ళు చెబితే తెలిసింది. తెల్లవారి చూస్తే బ్యాటరీలో సగానికి కొంచెం తక్కువ మిగిలింది. విజయదశమి ఉదయం బావ తాళం చెవి చందనం తుడుస్తూ, డాక్టరు చెప్పిన నెలలో ఒక రోజు గడిచిందని వేలు మడిచారు. నేను బయలుదేరుతూ బ్యాటరీని అక్కడే ఉంచేశాను.

ప్రాణవాయువు గురించి నలభై ఏళ్ళు పాఠాలు చెప్పాను. దాన్ని ఇంకొకరి కోసం రాత్రంతా మేలుకొని వినడం ఎలాంటి తపస్సో మా అక్క స్తంభానికి ఆనుకొని నిద్రపోయినప్పుడు గాని నాకు తెలియలేదు. ఆమెకు తెలుగు మాటే గాని అక్షరం రాదు కనుక ఈ వ్యాసం ఫోనులో నేనే చదివి వినిపించాను. "నా నిద్ర గురించి ఊరంతటికీ చెప్తివా," అని నవ్వి, బావ విడవకుండా యంత్రం పెట్టుకొని ఇప్పటికి పందొమ్మిది రాత్రులయ్యాయని చెప్పింది.

వెళ్ళేవారికి ఒక్క మాట: ఊరు చేరిన రోజే, పగటి వెలుగులో, ఇంటివాళ్ళను పక్కన కూర్చోబెట్టుకొని బ్యాటరీ మీద ఒక గంట నిద్రపోండి. రాత్రికి మీకూ వాళ్ళకూ కూడా భయం ఉండదు.