వీటిని మినహాయించి

మా ముత్తాత సబ్బవరం వైపు మూడు గ్రామాలకు మునసబు. కాలువ నీళ్లు ముందుగా ఎవరి మడికి వెళ్లాలో మా తాత చెప్పేవాడు. రాసిన కాగితాన్ని ఎదుటివాళ్ల ముందు మళ్లీ చదవడం మా ఇంట్లో నామోషీ. చదివితే మాట మీద నమ్మకం లేదన్నట్టు.

నేను దువ్వాడ స్టేషన్ దగ్గర ఒక చిన్న ఆఫీసులో నలభై మంది వెబ్‌సైట్లు చూసుకుంటాను. సైటుకు కొత్త పనులు నేర్పేవి ప్లగిన్లు, దాని రూపం థీమ్. వీటికి తరచూ అప్‌డేట్లు వస్తాయి. చేరిన వారంలో నేను ఒక్కొక్కటే ఎంచి నొక్కుతుంటే, పక్క కుర్చీలోని పెందుర్తి సహోద్యోగి నవ్వాడు.

"ఏటి బావా, బియ్యంలో రాళ్లు ఏరతన్నావా? ముట్టుకోకూడనిదేదో ఫిల్టర్లో రాసీ. మిగతావన్నీ ఒక్క నొక్కుతో అయిపోతాయి."

నన్ను బావా అని పిలిచే చనువు ఇతనికి ఎవరిచ్చారా అనుకున్నాను. కానీ ఆ పద్ధతి నన్ను పట్టేసింది. కావలసినవి కాదు, వద్దన్నవి మాత్రమే చెప్పాలి!

"మా సర్చి సైటు థీమొక్కటి వదిలీ బావా," అన్నాడు. "అందులో కోడు మార్సి నానే రాసుకున్నాను. అప్‌డేట్ పడితే రెండేళ్ల పని తుడిసిపెట్టుకుపోద్ది. కాపీ కూడా తీయలేదు."

ఆ చర్చి థీమ్ పేరు ఫిల్టర్ పెట్టెలో రాసి, మౌస్ మీద వేలు పెట్టాను.

"ఆగు. ఏటేటి మారతాయో కింద సూపిత్తది, సదువు."

"రాసింది నేనే కదా."

"నువ్వు రాసావనే సదవమంటన్నాను."

నా మెడ వేడెక్కింది. అయినా ఆ యంత్రం నా మాట ఎంతవరకు విన్నదో చూడాలనిపించింది. చదివాను. పదకొండో వరుసలో చర్చి థీమే ఉంది. నేను పేరు రాసింది ప్లగిన్ల పెట్టెలో. థీమ్‌లకు వేరే పెట్టె ఉంది, కాస్త కిందికి. అక్కడ రాయగానే ఆ వరుస మాయమైంది. పేరు తీసేసి, మళ్లీ రాసి, ఆ వరుస రావడం పోవడం మూడుసార్లు చూశాను.

"సాల్లే బావా, నా గుండె ఆగిపోద్ది!"

నొక్కాను. అతను వెంటనే చర్చి సైటు తెరిచాడు. పాటల పేజీ చెక్కుచెదరలేదు.

అప్పటి నుంచి ప్రతిసారీ జాబితా పైకి చదువుతాను. మా నాన్న సామానుతో సహా ఇల్లు అమ్మినప్పుడు, పత్రంలో "వీటిని మినహాయించి" అని ఒక జాబితా రాయించాడు. కొన్నాయన ఎదురుగా ఉన్నాడని నాన్న చదవకుండానే సంతకం పెట్టాడు. మేం ఉంచుకోవాలనుకున్న తాత రాతబల్ల అందులో లేదు. ఇంటితోపాటు అదీ అమ్ముడైంది.