అవ్వ జల్లెడ పట్టిన వాషరు

నా చిన్నప్పుడు, మా మామ దగ్గరున్నంత గొప్ప వస్తువు హోసూరు పక్కన ఆయనుండే మూకండపల్లి మొత్తంలో ఇంకెవరి దగ్గరా లేదని నా గట్టి నమ్మకం. అది చేపలు పట్టే రీలు. అందరూ వెదురు కర్రకు దారం కట్టి గాలం వేసే ఆ డెబ్బైల్లో ఆయన బెంగుళూరులో పాత సామాన్ల సంతకు పోయి దాన్ని కొని తెచ్చుకున్నాడు. పిడి తిప్పితే చాలు, దారం దానంతట అదే చుట్టుకునేది. మామ ఇండస్ట్రియల్ ఎస్టేటులో ఒక ఫ్యాక్టరీలో ఫిట్టరు. మా ఊరు బర్గూరు దగ్గర. ఎండాకాలం సెలవులు ఇవ్వగానే నేను అమ్మ పుట్టింటికి వచ్చి పడేదాన్ని. ఆ ఇంట్లో ఉండేది అవ్వ, మామ, ఇద్దరే. నాకప్పుడు పదేళ్ళు.

మామ ఆదివారాలు బస్సెక్కి కృష్ణగిరి డ్యాముకు పోయి చేపలు పట్టేవాడు. ఆ డ్యాము మా ఊరికే దగ్గర. అయినా నేనెప్పుడూ చూసిందాన్ని కాదు. ఆడపిల్లను చేపలకు తీసుకుపోయేదెవరు? ఆ ఏడు రీల్లోకి ఇసుక దూరి, తిప్పితే గరగరమనసాగింది. "పాపా, దీన్ని నువ్వొక్కదానివే కడిగి బిగించి చూపిస్తే, ఆదివారం నిన్ను డ్యాముకు పిలుచుకొని పోతా" అన్నాడు మామ. ఆ మాట విన్నాక నాకు అన్నం సహించలేదు.

వారం రోజులు, షిఫ్టు నుంచి వచ్చాక నన్ను పక్కన కూర్చోబెట్టుకుని నేర్పాడు. భాగాలన్నీ కిరసనాయిలులో నానబెట్టాలి. పాత పళ్ళ బ్రష్షుతో చక్రాల పళ్ళ సందుల్లో రుద్దాలి. చిరిగిన బనీను గుడ్డతో తుడిచి, విప్పిన వరసలోనే న్యూసు పేపరు మీద పేర్చాలి. పళ్ళ చక్రాలకు గ్రీజు వేలికి అంటీ అంటనట్టు రాయాలి. ఇరుసుకు కుట్టు మిషను నూనె ఒక్క చుక్క. ఆ చుక్క లేకపోతే అరిగిపోతుంది, రెండు చుక్కలైతే ఇసుకను పిలిచి పీట వేస్తుంది. అన్నిటికంటే చిన్నది, పెద్ద చక్రం కింద కూర్చునే ఇత్తడి వాషరు. కాగితమంత పలచన. అది లేకపోతే పిడి ఊగుతుంది, చక్రం గోడకు రాసుకుని చెడుతుంది.

శనివారం పొద్దున మామే రీలు విప్పి, భాగాలను కిరసనాయిలు గిన్నెలో వేసి, నా తల నిమిరి షిఫ్టుకు పోయాడు. నేను ఎంత శ్రద్ధగా కడిగానో ఇప్పుడు చెప్పినా గొప్పలకు పోయినట్టుంటుంది. అవ్వ ఎప్పటిలాగే ఇల్లు ఊడ్చుకుంటూ నా పేపరు చుట్టూ చీపురు తిప్పి వెళ్ళింది. తీరా బిగించబోతే వాషరు లేదు. గిన్నె అడుగున వెతికాను, పాత గుడ్డలు దులిపాను, గడప సందులో పుల్ల పెట్టి గీకాను. ఎక్కడా లేదు.

అప్పుడు నాకు దొరికింది అవ్వ. "నువ్వే ఊడ్చి పారేసినావు! నా డ్యాము పోయింది, అంతా నీ వల్లే!" అని ఇల్లెగిరిపోయేలా అరిచాను. చూపు మందగించిన మనిషి, నిజంగానే తను ఊడ్చేసిందేమోనని బెదిరిపోయింది. "నా కండ్లకు అంత సన్నది యాడ కనపడుతుంది తల్లీ? ఉండు, ఏడవద్దు, నేను ఎతికిస్తా" అంటూ జల్లెడ తీసుకుని పెరట్లో చెత్త దిబ్బ దగ్గర కూర్చుంది. పేడ, బూడిద, ఊడ్చిన మట్టి అంతా గుప్పెడు గుప్పెడు జల్లించింది. మధ్యలో చీర కొంగులో ఒక రూపాయి బిళ్ళ ముడేసి, వాషరు దొరికితే కొండెక్కి దీపం పెడతానని హోసూరు కొండ మీది ఈశ్వరుడికి మొక్కుకుంది. ఎండ నడినెత్తికి వచ్చినా లేవలేదు. నేను అరుగు మీద ముఖం మాడ్చుకుని కూర్చున్నానే తప్ప లేచి ఒక గుప్పెడు మట్టి ఎత్తివ్వలేదు.

మామ షిఫ్టు ముగించుకుని వచ్చేసరికి మేమిద్దరం అలాగే ఉన్నాం. నేను వెక్కుతూ సంగతి చెప్పాను. ఆయన పకపకా నవ్వి, చొక్కా జేబులోంచి ఇత్తడి వాషరు తీసి నా ముందు పెట్టాడు.

"మా ఫ్యాక్టరీ షాపులో కొత్తగా చేరినోళ్ళకు ఇట్లనే నేర్పిస్తాము పాపా. ఒకటి దాచిపెడితే, ఇంక జన్మలో లెక్కపెట్టకుండా పని మొదలుపెట్టరు. గిన్నె చేతికిచ్చినప్పుడే నువ్వు లెక్కపెట్టుకోవాల."

నాకు ఏడుపు ఆగిపోయింది. వారం రోజులు పక్కన కూర్చుని నేర్పిన మనిషి, పొద్దున నా తల నిమిరిన మనిషి, అప్పటికే దాన్ని జేబులో వేసుకుని ఉన్నాడు. ఆ చేయి తల మీద ఉన్నట్టే అనిపించి విదిలించుకున్నాను. నన్ను నమ్మించి మోసం చేశాడు. ఆ మోసంలో అవ్వను దొంగను చేసి నిలబెట్టింది మాత్రం నా నోరే.

అవ్వ నిదానంగా లేచి చేతులు కడుక్కుంది. గోళ్ళలో పేడ పోలేదు. "మీ షాపులో చెత్త జల్లించేదానికి అమ్మలు లేరేమోరా. ఈడ ఉంది" అంది. మామ నవ్వు అక్కడే ఆగింది. "రేపు డ్యాము లేదు. నన్ను కొండకు పిలుచుకొని పోవాల" అంది అవ్వ.

"అది పోనేలేదు కదమ్మా, మొక్కు ఎందుకు?" అన్నాడు మామ నసుగుతూ.

"దొరికింది కదప్పా. అబద్ధం ఆడింది నువ్వు. ఈశ్వరుడు కాదు."

ఆదివారం ముగ్గురం కొండెక్కాం. మామ అవ్వ చేయి పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కించాడు కానీ, తప్పయిందన్న మాట ఆయన నోట రాలేదు. మొదట నాకూ రాలేదు. సగం మెట్లెక్కాక నేను అవ్వ రెండో చేయి పట్టుకున్నాను. ఆ గోళ్ళు చూసి, "అవ్వా, నేను అట్ల అరిచి ఉండకూడదు" అన్నాను. "ఆకలేస్తా ఉందా?" అంది అవ్వ, అంతే. మామతో మాత్రం ఆ సెలవులు అయ్యేదాకా మాట్లాడలేదు. డ్యాముకు పోదాం రమ్మని ఆయన తరువాత ఎన్నిసార్లు పిలిచినా పోలేదు.

మామ పోయాక ఆ రీలు నాకు వచ్చింది. చేపలు పట్టడం ఈ జన్మకు రాలేదు గానీ, ఏడాదికొకసారి దాన్ని విప్పి కడిగి నూనె పెడతాను. ఆయన పాఠం ఎక్కడికీ పోలేదు. రీలైనా, మిక్సీ అయినా, భాగాలు లెక్కపెట్టకుండా నేను చేయి వేయను. కాదనను, ఆయన మంచి ఫిట్టరు.

ఈ మధ్య మా మనవరాలు నేనూ కడుగుతానంటూ పక్కన చేరుతోంది. దానికి గిన్నె ఇచ్చే ముందు నా రెండు చేతులూ తెరిచి చూపిస్తాను. నడుముకు దోపుకున్న కొంగు కూడా విప్పి దులుపుతాను. "చూసుకో తల్లీ, నా దగ్గర ఏమీ లేదు. ఇప్పుడు లెక్కపెట్టు" అంటాను.